యంత్రవైద్యుడు జి. డి. నాయుడుగారు

కోయంబత్తూరు చేరువను కలంగల్ అను పల్లె కలదు. ఆ పల్లెలో 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన, తెలుగు మాటలాడు వ్యవసాయ కుటుంబమొకదానియందు గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించిరి. విజయనగర రాజుల కాలము మొదలుకొని దక్షిణమునకు తరలిపోయి, అచ్చటి నల్లరేగడి నేలలందు కాపురముండిన తెలుగువారు ఆ ప్రాంతమున మెండు. ఇంట తెలుగు, వీధిని తమిళము వారికి వాడుక.

నాయుడుగారి బడి చదువు మూడవ తరగతితో ముగిసెను. ఈ సంగతి పాఠశాల పత్రికయందు వ్రాయుట ఉపాధ్యాయునకు కొంత యిబ్బందియే. అయినను జీవితచరిత్రలో నిజమును దాచరాదు గదా!

ఆ రోజులలో రెవెన్యూ ఉద్యోగియగు ఒక దొర రడ్జి మోటారు సైకిలుపై ఆ ప్రాంతమునకు వచ్చెను. ఎద్దు లేక, గుఱ్ఱము లేక తనంతట పరుగెత్తు బండిని ఆ పల్లెటూరి పిల్లవాడు చూచుట అదియే మొదలు. దానిని పొందవలెనను పట్టుదలతో ఆయన కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డన పనికి కుదిరి, జీతమునుండి కొంచెము కొంచెముగ కూడబెట్టి, తుదకు మూడువందల రూపాయలకు ఆ బండిని కొనిరి. కొన్నవారు దానినెక్కి ఊరేగుట లోకరీతి. నాయుడుగారో, దానిని మరమరగా విడదీసి, ప్రతి భాగము చేయు పని యెట్టిదో గ్రహించి, తిరిగి కూర్చిరి. బాగున్న యంత్రము ఎట్లు నడచునో ఎఱిగినవానికే చెడిన యంత్రము వ్యాధి తెలియును. ఆయన మోటారు విద్యకు అదియే అక్షరాభ్యాసము.

ఇచ్చట కథను కొంచెమాపి, ఆ విద్య యెట్టిదో మన పల్నాటి బాలురకు తెలియునట్లు చెప్పెదను. పిడుగురాళ్ల సున్నము మోయు లారీలను, గుంటూరు యార్డునకు మిరప బస్తాలు గొనిపోవు బండ్లను మీరు చూచుచునే యున్నారు. నేడు ఇట్టి డీజిలు బండ్లకు, కార్లకు టర్బో యుండుట సామాన్యము. ఆల్ఫ్రెడ్ బూచి అను స్విట్జర్లాండు ఇంజనీరు 1905వ సంవత్సరమున ఈ యుక్తికి పేటెంటు పొందెను. ఇంజనునుండి వెడలు పొగ ఒక చక్రమును త్రిప్పును. దానితో ఒకే ఇరుసుపైనున్న రెండవ చక్రము బయటిగాలిని ఒత్తి సిలిండర్లలోనికి పంపును. గాలి యెక్కువైనచో ఎక్కువ నూనె కాలును, బలము హెచ్చును.

అట్టి బండి ఉదయమున త్వరగా స్టార్టు కాదు, ఎత్తున లాగదు. ఏమి చేయవలెను? పలువురు టర్బో చెడినదని వెంటనే తీర్పు చెప్పుదురు. విచారింపుడు: స్టార్టు చేయునపుడు ఇంజను మెల్లగా తిరుగును, పొగ స్వల్పము, టర్బో తిరుగుట నామమాత్రము. కావున స్టార్టు కాకుండుటకు ఒక్క టర్బోనే నిందించుట తగదు. ఇంజను మందముగ తిరిగినచో బ్యాటరీని, దాని తీగల మొనలను చూడవలెను. చక్కగా తిరిగియు పొగగొట్టమునుండి పొగయే రానిచో డీజిలు అందుట లేదని యూహింపవచ్చును: ఫిల్టరు పూడియుండును, లేదా పైపులో గాలి చేరియుండును. తెల్లని పొగ వచ్చినచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. అపుడు సిలిండరును వేడిచేయు ప్లగ్గులను, కంప్రెషనును పరీక్షింపవలెను.

లాగకుండుటకు వేఱు గుర్తులు కలవు. నల్లపొగ గాలి చాలదని తెలుపును: గాలి ఫిల్టరు మూసుకొనెనో, టర్బోనుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము చినిగెనో చూడవలెను. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుచున్నదని తెలుపును. టర్బో సీళ్లో, పిస్టను రింగులో అరిగియుండవచ్చును. రెండు రోగములు ఒక్కసారి కనబడినచో రెంటికిని చెందిన కారణమును మొదట వెదకుట యుక్తము. కొద్ది వెలగల డీజిలు ఫిల్టరే పెక్కుసారులు దోషి యగును. నేటి బండ్లకు స్కానరు తగిలించినచో కోడు చూపును. ఏ కొలత తప్పినదో అది చెప్పును. ఏ భాగము చెడినదో మనిషియే తేల్చవలెను. మఱియు ఆయిలు అందక మాడిన టర్బోను మార్చి, ఆయిలు దారిని శుభ్రము చేయనిచో క్రొత్తది సైతము కొలదికాలములోనే మాడును.

నాయుడుగారి తొలి బస్సులకు టర్బోలు లేవు. మోటారు పని నేర్చిన పిదప ఆయన ప్రత్తి వ్యాపారమున దిగి, బొంబాయిలో నష్టపడి తిరిగి వచ్చిరి. రాబర్టు స్టేన్సు దొర చేసిన సహాయమున 1920లో ఒక బస్సు సంపాదించి, పొల్లాచికి పళనికి నడుమ తామే నడపిరి. ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటారు సర్వీసు అను గొప్ప సంస్థగా పెరిగెను. అన్ని బండ్లు దినదినము రోడ్డుపై తిరుగవలెనన్న, ఎక్కడిదక్కడ రోగము కనిపెట్టు మెకానిక్కులు కావలెను గదా! అట్టివారిని తయారుచేయుట ఆయన ముఖ్య చింతయై యుండెను.

1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి ఆయన స్వదేశమున విద్యుత్ మోటారును తయారుచేసిరి. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బది రూపాయలకే చేయవచ్చునని ప్రకటించిరి. క్షౌరపు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, ఓట్లు నమోదు చేయు యంత్రము మున్నగు వాని పట్టిక దీర్ఘమైనది, దానిని వదలెదను.

ఆయన జీవితమున నాకు మిక్కిలి ముఖ్యముగ తోచునది విద్యను గూర్చిన పోరాటము. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలను నెలకొల్పుటకు ఆయన పూనుకొనిరి. ఇంజనీరింగు చదువునకు నాలుగేండ్లు వ్యర్థమనియు, రెండేండ్లు చాలుననియు ఆయన మతము. దొరతనమువారు అంగీకరింపలేదు. నాయుడుగారు ప్రిన్సిపాలు పదవిని విడిచిరి. గణితము, పదార్థశాస్త్రము సరిగా నేర్పుటకు రెండేండ్లు చాలవని ఉపాధ్యాయుడనగు నాకు తోచుచున్నది. అయినను పట్టా పొందియు మరను త్రిప్పనెఱుగని యువకులను చూచునపుడు ఆయన కోపము అన్యాయమని చెప్పజాలను.

1952లో ఇద్దరు కూర్చుండు పెట్రోలు కారును రెండువేల రూపాయల ధరకు ఆయన వెలువరించిరి. ప్రభుత్వము లైసెన్సు ఇయ్యనందున దాని తయారీ నిలిచిపోయెను. సామాన్యుడు కొనగల కారు మన దేశమున పుట్టుటకు అటుపిమ్మట మూడు దశాబ్దములు పట్టినది.

నాయుడుగారు 1974 జనవరి 4వ తేదీన మరణించిరి. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట వస్తుప్రదర్శనశాలయు, 2015లో తెరచిన పాతకార్ల ప్రదర్శనశాలయు కలవు.