పది పౌండ్ల నవల

మా అవ్వ దగ్గర ఒక ట్రంకుపెట్టె ఉంది. అందులో పట్టుచీరలున్నాయని మా అత్తలు చాలాకాలం అనుకున్నారు. ఉన్నవి నవలలు. వారపత్రికల్లో వచ్చిన యద్దనపూడి సీరియళ్ల పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి దాచుకుంది. అమ్మ బెంగళూరులోనే పుట్టి కన్నడ మీడియంలో చదివింది కాబట్టి అమ్మ బీరువాలో త్రివేణి నవలలుంటాయి. రెండు భాషల ప్రేమకథలూ చదువుతూ పెరిగాను. నాకూ అలాంటివి రాయాలని ఉంది. ఈ మాట ఇంట్లో అంటే అందరూ నవ్వారు. చుట్టంగా వచ్చిన ఒక పెద్దాయన అయితే అలాంటి పుస్తకాలు చదివే ఆడపిల్లలు సంసారానికి పనికిరారని తేల్చేసి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

మన గోడపత్రికకి ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాయమన్నప్పుడు అందుకే జేన్ ఆస్టిన్‌ని తీసుకున్నాను. గొప్ప రచయిత్రి అని మీకందరికీ తెలుసు. అంతకుముందు ఆమె నవలల పిచ్చి ఉన్న పిల్ల. నాకు కావలసింది ఆ పిల్ల.

జేన్ 1775 డిసెంబర్ 16న ఇంగ్లండులో, హ్యాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి ఆ ఊరి చర్చి పాస్టరు. ఎనిమిది మంది పిల్లల్లో ఈమె ఏడోది. అక్క కసాండ్రా అంటే ప్రాణం. బడి చదువు పదకొండేళ్ల లోపే ఆగిపోయింది. మిగతాదంతా ఇంట్లోనే, తండ్రి పుస్తకాల మధ్య. ఆయన దగ్గర దాదాపు 500 పుస్తకాలుండేవి.

ఆ కాలంలో నవల అంటే చులకన, ఆడవాళ్లు రాసిందైతే మరీను. అద్దెకి పుస్తకాలిచ్చే లైబ్రరీల నుంచి తెచ్చుకొని చదివేవాళ్లు కూడా నలుగురిలో ఒప్పుకునేవాళ్లు కాదు. (మా అవ్వ ట్రంకుపెట్టె గుర్తొచ్చింది కదా?) ఆస్టిన్ ఇంట్లో మాత్రం అందరూ నవలలు చదివేవాళ్లు, దాచేవాళ్లు కాదు. రిచర్డ్‌సన్, ఫానీ బర్నీ నవలలంటే జేన్‌కి ఎంతో ఇష్టం. 1796లో బర్నీ కొత్త నవల ‘కమిల్లా’కి ముందే డబ్బు కట్టినవాళ్ల పేర్లు పుస్తకంలో అచ్చువేశారు. అందులో స్టీవెంటన్ మిస్ జె. ఆస్టిన్ ఉంది. తర్వాత ఆమె బతికుండగా వచ్చిన సొంత నవలల్లో ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. పాఠకురాలిగా పేరు అచ్చయింది, రచయిత్రిగా కాలేదు. ఇది చదివినప్పుడు నాకు కాసేపు ఏం తోచలేదు.

పద్నాలుగేళ్లప్పుడు ఆమె ఒక కథ రాసింది. ప్రేమ, స్నేహం అని దాని పేరు, ఇంగ్లీషులో స్నేహం అన్న మాటకి స్పెల్లింగు తప్పు. అందులో ఇద్దరు అమ్మాయిలు ఏ కష్టమొచ్చినా సోఫా మీద వంతులవారీగా మూర్ఛపోతుంటారు. చివరికి ఒకమ్మాయి సాయంత్రం మంచులో, తడి నేల మీద మూర్ఛపోయి, జలుబు ముదిరి చచ్చిపోతుంది! అప్పటి నవలల్లో నాయికలు అలాగే పడిపోతుండేవాళ్లు. ఆ నవలలన్నీ తిరగేసిన పిల్లే ఇంత కచ్చితంగా ఎగతాళి చేయగలదు. ఇది చదివాక నా నోట్‌బుక్ తీసి లెక్కపెట్టాను. ఇరవై పేజీల్లో నా హీరోయిన్ పదకొండుసార్లు ఏడ్చింది, రెండుసార్లు స్పృహ తప్పింది.

ఇరవయ్యేళ్లప్పుడు టామ్ లెఫ్రాయ్ అనే ఐర్లండు అబ్బాయితో డాన్సులు చేసింది. ఇద్దరికీ డబ్బు లేదు. అతని వాళ్లు అతన్ని పంపించేశారు. సినిమావాళ్లు దీన్ని చాలా సాగదీశారు, నేను సాగదీయను. 1802 డిసెంబరులో హారిస్ బిగ్-విదర్ అనే ఆస్తిపరుడు పెళ్లి చేసుకుంటావా అని అడిగితే సాయంత్రం సరేనంది. తెల్లారేసరికి వద్దంది. ఆ పెళ్లి అయ్యుంటే తల్లికీ అక్కకీ కూడా ఇంటి దిగులు తీరేది. నేను రాస్తే అది ఆఖరి అధ్యాయం అయ్యేది.

మరుసటి ఏడే, 1803లో, ‘సూజన్’ అనే నవలని లండనులో క్రాస్బీ అనే ప్రచురణకర్తకి పది పౌండ్లకి అమ్మింది. అంతకుముందు 1797లో తండ్రి వేరే నవల గురించి ఒక ప్రచురణకర్తకి ఉత్తరం రాస్తే, చూడకుండానే తిరుగు టపాలో వద్దన్నారు. ఇది మాత్రం డబ్బిచ్చి కొన్నారు. కొని బల్లకింద పడేశారు. తండ్రి 1805లో పోయాడు. తల్లీ కూతుళ్లు అన్నదమ్ముల సాయంతో ఊళ్లు మారారు. 1809లో జేన్ మారుపేరుతో ఉత్తరం రాసి అడిగింది. వేస్తామని మేం మాటివ్వలేదు, ఇంకొకరు వేస్తే ఊరుకోం, కావాలంటే పది పౌండ్లు కట్టి తీసుకుపొమ్మని జవాబు. ఆమె అప్పుడు తీసుకోలేదు.

ఆ నవల దేని గురించంటే, నవలలు చదివే అమ్మాయి గురించి! కేథరిన్ అనే ఆ పిల్ల ఆన్ రాడ్‌క్లిఫ్ భయానక ప్రేమకథలు చదివి, చదివి, ఒక పాత భవంతికి చుట్టంగా వెళ్తుంది. రాత్రి గాలివానలో ఒక పెట్టె అరలో మడత కాగితాలు దొరుకుతాయి. ఏదో ఘోర రహస్యమని వణికిపోతుంది. పొద్దున చూస్తే చాకలి పద్దులు. అంత నవ్వించి కూడా జేన్ ఆ పిల్లని తక్కువ చేయదు. మధ్యలో కథ ఆపి, నవలలు రాస్తూ తమ నాయికని మాత్రం నవల ముట్టనివ్వని రచయితలని దులిపేస్తుంది. మా ఇంటికి వచ్చిన ఆ పెద్దాయనకి ఇది వినిపించాలి.

1809లో అన్న ఎడ్వర్డ్ చాటన్‌లో ఇల్లిచ్చాక ఆమె రాత మళ్లీ ఊపందుకుంది. 1811లో మొదటి నవల వచ్చినప్పుడు ఆమెకి 35 ఏళ్లు. రాసినది ఒక స్త్రీ అని మాత్రం వేశారు. దాని మీద 140 పౌండ్లు వచ్చాయి. 1797లో వద్దన్న నవలే, తిరగరాశాక, 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’గా వచ్చింది.

నాకు బాగా పనికొచ్చింది 1814 సంగతి. అన్న కూతురు ఆనా తనూ నవల రాస్తూ అత్తకి పంపేది. జేన్ ఓపికగా చదివి, దిద్ది పంపేది. అరిగిపోయిన నవలల మాటలు తీసెయ్యమంది, వర్ణనలు తగ్గించమంది. పాత్రలు ఐర్లండు వెళ్తే వెళ్లనీ, అక్కడి పద్ధతులు నీకు తెలియవు కాబట్టి నువ్వు వాళ్ల వెంట వెళ్లకు అంది.

1816లో అన్న హెన్రీ పది పౌండ్లు కట్టి ‘సూజన్’ని తిరిగి తెచ్చాడు. అది ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ రచయిత్రిదని డబ్బు చేతులు మారాకే వాళ్లకి చెప్పాడని మేనల్లుడు తర్వాత రాశాడు. 1817 జూలై 18న వించెస్టర్‌లో జేన్ చనిపోయింది, 41 ఏళ్లకే. సమాధి రాయి మీద ఆమె గుణాలున్నాయి, పుస్తకాల ఊసు లేదు. ఆ డిసెంబరులో ‘నార్తాంగర్ ఆబీ’ అనే కొత్త పేరుతో పది పౌండ్ల నవల అచ్చయింది. అత్త లేకుండా తన నవల ముగించలేక ఆనా కొన్నేళ్లకి దాన్ని పొయ్యిలో వేసేసింది.

నా నోట్‌బుక్‌లో హీరో స్విట్జర్లాండులో చదువుతుంటాడు. పోయిన ఆదివారం ఆ పద్నాలుగు పేజీలూ కొట్టేశాను. ఇప్పుడతను మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అవ్వకి చదివి వినిపిస్తే కళ్లజోడు సర్దుకొని, పెళ్లి ఎన్నో పేజీలో అవుతుందే అని అడిగింది.