స్వదేశీ నౌకాసారథి వాల్‌చంద్ హీరాచంద్

ఒక దేశపు రేవు నుండి అదే దేశపు మరొక రేవుకు సరుకు చేరవేయడాన్ని తీర వర్తకమంటారు. తన తీర వర్తకాన్ని స్వదేశీ నౌకలకే ప్రత్యేకించుకోవడం స్వతంత్ర దేశాలు చాలాకాలంగా పాటిస్తున్న ఆచారం. అమెరికా 1817లోనే విదేశీ నౌకలకు తన తీర వర్తకాన్ని నిషేధించింది. 1920లో మరింత కట్టుదిట్టమైన శాసనం చేసింది. ఇంగ్లండు 1651 నుండి దాదాపు రెండు శతాబ్దాల పాటు నౌకాయాన శాసనాల నీడలో తన ఓడలను పెంచుకొని, ప్రపంచంలో తనకు ఎదురు లేదని తేలిన తరువాత 1849లో ఆ శాసనాలను రద్దు చేసి స్వేచ్ఛా వాణిజ్యాన్ని బోధించసాగింది. బలవంతునికి స్వేచ్ఛను మించిన రక్షణ లేదు గదా!

పరాధీనమైన భారతదేశానికి ఈ హక్కు లేదు. కోరంగి, తాళ్ళరేవు తీరాల్లో కొయ్య ఓడలు కట్టిన నేర్పరులు ఆవిరి ఓడల రాకతో వెనుకబడిపోయారు. కాకినాడ, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుండి పొట్ట చేతపట్టుకొని రంగూనుకు తరలిన వేలాది తెలుగు కూలీలు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లలోనే కిక్కిరిసి ప్రయాణించేవారు. తీరం మనది, సరుకు మనది, ప్రయాణికులు మనవారు. కిరాయి మాత్రం లండనుకు చేరేది. ఈ స్థితిని మార్చడానికి మూడు దశాబ్దాలు పోరాడిన పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్.

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూర్‌లో ఒక గుజరాతీ జైన కుటుంబంలో జన్మించారు. వారిది పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసే ఇల్లు. బొంబాయి, పూనాల్లో కళాశాల విద్య అభ్యసించిన ఆయనకు తరతరాల ఆ వృత్తి రుచించలేదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన ఫాటక్ అనే మిత్రునితో కలిసి రైలుమార్గాల నిర్మాణపు కాంట్రాక్టులు చేపట్టారు. రాళ్ళు పగులగొట్టి, కట్టలు వేసి, వంతెనలు కట్టి సంపాదించిన ధనమూ, పెద్ద పనికి వెరవని స్వభావమూ తరువాతి జీవితానికి పెట్టుబడి అయ్యాయి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన నాటికి ఓడలకు ఎక్కడలేని గిరాకీ ఏర్పడింది. 1919లో ఢిల్లీ నుండి బొంబాయికి రైలులో వస్తుండగా, గ్వాలియర్ మహారాజు సింధియా తన నౌకను అమ్మజూపుతున్నట్లు ఒక తోటి ప్రయాణికుని వలన వాల్‌చంద్ విన్నారని ఆయన జీవితకారులు వ్రాశారు. ఆ నౌక పేరు లాయల్టీ, అనగా రాజభక్తి. యుద్ధకాలంలో క్షతగాత్రులకు వైద్యశాలగా ప్రభుత్వానికి సేవ చేసిన ఓడ అది. వాల్‌చంద్ తన మిత్రులైన నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవచంద్, లల్లూభాయ్ సామల్‌దాస్‌లతో కలిసి దానిని కొన్నారు. 1919 మార్చి 27న సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ నమోదయింది. ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుండి లండనుకు బయలుదేరింది. రాజభక్తి పేరు ధరించిన ఓడే రాజ్యమేలే జాతి వర్తకానికి పోటీగా కదలడం చరిత్రలోని చిత్రమైన చమత్కారం. స్వాతంత్ర్యానంతరం 1964 నుండి ఆ తేదీని జాతీయ నౌకాయాన దినంగా జరుపుతున్నారు.

అయితే లాయల్టీ అప్పటికే వయసు మళ్ళిన ఓడ. అది కంపెనీకి కీర్తిని తెచ్చింది గాని లాభాన్ని తేలేదు. 1923 నాటికి తుక్కు క్రింద పోయింది. కంపెనీ అసలు బలం తీర వర్తకంలో ఉన్నదని వాల్‌చంద్ గ్రహించారు. అక్కడే అసలు యుద్ధం కూడా మొదలైంది.

బ్రిటిష్ కంపెనీల ఆయుధాలు రెండు. మొదటిది కిరాయి తగ్గింపు. స్వదేశీ ఓడ ఏ దారిన వస్తే ఆ దారిలో నష్టానికైనా వెరవక ధర తగ్గించడం, పోటీదారు మునిగిన తరువాత మళ్ళీ పెంచడం. వి.ఓ. చిదంబరం పిళ్ళై 1906లో తూత్తుకుడిలో నెలకొల్పిన స్వదేశీ నౌకా కంపెనీని ఈ విధంగానే దెబ్బతీశారు. చివరకు ప్రయాణికులను ఉచితంగా ఎక్కించుకొని, పైగా గొడుగులు కూడా పంచిపెట్టారు. 1908లో చిదంబరం పిళ్ళై కారాగారం పాలయ్యారు. 1911లో ఆయన కంపెనీ మూతపడింది. రెండవ ఆయుధం వాయిదా రాయితీ. సరుకు పంపే వర్తకుడు చెల్లించిన కిరాయిలో కొంత భాగాన్ని తిరిగి ఇస్తామంటారు. కాని వెంటనే ఇవ్వరు. మరికొన్ని నెలలు తమ ఓడల్లోనే సరుకు పంపితేనే ఆ సొమ్ము చేతికి వస్తుంది. ఒక్క బస్తా స్వదేశీ ఓడకెక్కినా అది దక్కదు. దేశభక్తి గల వర్తకుని కాళ్ళకు సైతం ఈ సంకెల పడేది. వీటికి తోడు బ్రిటిష్ కంపెనీలకు టపా మోసే ఒప్పందాలూ, ప్రభుత్వ సామగ్రి రవాణా కూడా లభించేవి. స్వేచ్ఛా వాణిజ్యం పేరుతో నడిచిన ఆ వ్యవస్థలో రక్షణ లేకపోలేదు. అది ఎవరికి లభించిందన్నదే ప్రశ్న.

బర్మా బియ్యం రవాణాలో సింధియా ఓడలు ప్రవేశించగానే కిరాయిలు పాతాళానికి దిగాయి. యుద్ధానంతర గిరాకీలో హెచ్చు ధరకు కొన్న ఓడలు, ఆ వెంటనే వచ్చిన ప్రపంచవ్యాప్త మాంద్యం – ఈ రెండింటి నడుమ కంపెనీ నలిగిపోయింది. బ్రిటిష్ ఇండియా కంపెనీ అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్ ప్రభుత్వ వ్యయ సంకోచ సంఘానికి అధ్యక్షుడుగా 1922లో భారతదేశానికి వచ్చి, సింధియాను కొనివేయజూశాడు. భాగస్వాములు అంగీకరించలేదు. చివరకు 1923లో పదేళ్ళ ఒడంబడిక కుదిరింది. దాని ప్రకారం సింధియా ఓడల పరిమాణం 75,000 టన్నులు మించరాదు. తీర వర్తకం దాటి సుదూర సముద్రాల మీదికి పోరాదు. అందుకు బదులుగా కిరాయిల యుద్ధం ఆగుతుంది.

ఈ ఒడంబడిక వాల్‌చంద్ మనసుకు ముల్లులా గుచ్చుకుంది. సముద్రాలు దాటడానికి పుట్టిన కంపెనీ తీరానికి కట్టువడిన గొడ్డులా మారిందని ఆయన బాధపడ్డారు. అధ్యక్షుడైన నరోత్తమ్ మొరార్జీ మాత్రం వాటాదారుల సొమ్మును, ఉద్యోగుల జీవనోపాధిని కళ్ళెదుట ఉంచుకొని సంతకం చేశారు. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేము. ఆ సంతకం లేకపోతే సింధియా కూడా తూత్తుకుడి కంపెనీ దారినే పోయి ఉండేది. వాల్‌చంద్ అసంతృప్తి లేకపోతే అది ఆ గిరి లోపలే సుఖంగా నిద్రించి ఉండేది.

సంధితో బ్రతికే కంపెనీకి శాసనమే శాశ్వత రక్షణ అని వాల్‌చంద్ నమ్మారు. పి.ఎస్. శివస్వామి అయ్యర్ 1922లో కేంద్ర శాసనసభలో తెచ్చిన తీర్మానం ఫలితంగా కెప్టెన్ హెడ్లాం అధ్యక్షతన ఒక విచారణ సంఘం ఏర్పడింది. నావికాధికారుల శిక్షణకు ఒక ఓడ కావాలనీ, తీర వర్తకాన్ని క్రమంగా భారతీయుల ఓడలకు ప్రత్యేకించాలనీ 1924లో ఆ సంఘం సిఫారసు చేసింది. ప్రభుత్వం మొదటి దానిని స్వీకరించి 1927లో డఫరిన్ అనే శిక్షణ నౌకను నెలకొల్పింది. రెండవ దానిని అటకెక్కించింది. ఓడలు నడపడం నేర్పుతారు, ఓడలు మాత్రం ఉండనివ్వరన్నమాట.

1928లో శారాభాయ్ హాజీ కేంద్ర శాసనసభలో తీర వర్తక ప్రత్యేకింపు బిల్లును ప్రవేశపెట్టారు. కొన్నేళ్ళలో దశలవారీగా తీర వర్తకమంతా భారతీయ నౌకలకు దక్కాలన్నది దాని సారాంశం. హాజీ సింధియా కంపెనీలో ఉద్యోగి. ఇది దేశహితమా, ఒక కంపెనీ హితమా అని ప్రతిపక్షులు ఎత్తిపొడిచారు. పోటీ తొలగితే కిరాయిలు పెరుగుతాయనీ, లాభం రాని చిన్న రేవులకు ఓడలే రావనీ ఐరోపా వర్తకులు వాదించారు. ఈ వాదాన్ని కేవలం స్వార్థమని కొట్టివేయడం న్యాయం కాదు. రక్షణ లభించిన వ్యాపారి అలసుడు కావడం లోకంలో కొత్త కాదు. కాని పోటీయే లేకుండా ఏలుతున్నవారు పోటీ ధర్మాన్ని బోధించడంలో వింత లేకపోలేదు. బిల్లు సెలెక్టు కమిటీకి వెళ్ళింది. 1930 జనవరిలో వైస్రాయ్ ఇర్విన్ ఇరుపక్షాలనూ సమావేశపరిచినా రాజీ కుదరలేదు. ఆ శాసనసభతోపాటే బిల్లు కూడా ముగిసిపోయింది.

మరుసటి ఏడు గాంధీజీ యంగ్ ఇండియా పత్రికలో ఈ వివాదాన్ని ప్రస్తావించి, మహాకాయునికీ మరుగుజ్జుకూ సమాన హక్కులనడం సమానత్వం కాదని వివరించారు. అయినా 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 115వ సెక్షను బ్రిటన్‌లో నమోదైన ఓడలకంటె భారతీయ ఓడలకు అనుకూలంగా వివక్ష చూపే శాసనం చేయరాదని కట్టడి చేసింది. బ్రిటన్ అటువంటి వివక్ష చూపితే తప్ప ఇక్కడ చూపరాదట! బ్రిటిష్ ఓడల రేవుల్లో భారతీయ ఓడల సంఖ్య ఎంత అని ఎవరూ అడగలేదు.

ఇంతలో 1929లో నరోత్తమ్ మొరార్జీ మోటారు ప్రమాదంలో మరణించగా వాల్‌చంద్ కంపెనీ అధ్యక్షులైనారు. ఒడంబడిక గడువు తీరిన తరువాత కొత్త మార్గాలు వెదకి, 1937లో ఎల్ మదీనా అనే నౌకతో హజ్ యాత్రికుల రవాణా చేపట్టారు. అక్కడ కూడా మొగల్ లైన్ కంపెనీ కిరాయిలు తగ్గించి ఎదుర్కొన్నది. మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. పడమటి తీరాన నడిచే చిన్న భారతీయ కంపెనీలు సింధియా తమపట్ల పెద్దచేపలా ప్రవర్తిస్తున్నదని ఫిర్యాదు చేశాయి. ఒకప్పటి బాధితుడు బలపడిన తరువాత చిన్నవారి మొర వినడం ఎంత కష్టమో వాల్‌చంద్ చరిత్ర కూడా చూపుతుంది.

ఓడలు నడిపితే చాలదు, కట్టాలన్నది ఆయన మరొక సంకల్పం. మొదట కలకత్తా వద్ద హుగ్లీ తీరాన స్థలం కోసం చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరకు కొండల చాటున నిశ్చలంగా ఉండే విశాఖపట్నం రేవును ఎన్నుకున్నారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేశారు. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపై బాంబులు కురిపించాయి. పని కుంటుపడింది, యంత్ర సామగ్రిలో కొంత బొంబాయికి తరలింది. యుద్ధం ముగిసిన తరువాత మళ్ళీ ఊపందుకొని, 1948 మార్చి 14న ఎనిమిది వేల టన్నుల జల ఉష సముద్రంలోకి జారింది. స్వతంత్ర భారత ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానిని జలప్రవేశం చేయించారు. గ్వాలియర్ రాజవంశం పేరు కంపెనీకి, కంపెనీ పేరు విశాఖలోని ఆ ప్రాంతానికి సంక్రమించి, నేటికీ సింధియా అన్న పేరు అక్కడి ప్రజల నోట నిలిచి ఉంది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయ నౌకల మొత్తం పరిమాణం రెండు లక్షల టన్నులకు లోపే. 1947లో సర్ సి.పి. రామస్వామి అయ్యర్ అధ్యక్షత వహించిన ఉపసంఘం దానిని ఇరవై లక్షలకు పెంచాలనీ, తీర వర్తకంలో నూటికి నూరు పాళ్ళు భారతీయులకే దక్కాలనీ సూచించింది. 1950లో ప్రభుత్వం తీర వర్తకాన్ని స్వదేశీ నౌకలకు ప్రత్యేకించింది. హాజీ బిల్లు కోరినది ఇరవై రెండేళ్ళకు నెరవేరింది. కాని అప్పటికి వాల్‌చంద్ పక్షవాతంతో మంచం పట్టి ఉన్నారు. ఆ ఏడే కంపెనీ అధ్యక్ష పదవిని విడిచారు.

శాసనం తీరాన్ని ఇచ్చింది గాని చౌకగా ఓడ కట్టే శక్తిని ఇవ్వలేదు. విశాఖలో కట్టిన ఓడకు ఇంగ్లండులో కట్టిన ఓడకంటె ఖర్చు ఎక్కువయ్యేది. ఉక్కు, యంత్రాలు విదేశాల నుండే రావాలి. ఆ తేడాను భరించడం ఒక ప్రైవేటు కంపెనీ తరం కాలేదు. ప్రభుత్వం ముందుకు వచ్చి 1952 జనవరిలో హిందూస్థాన్ షిప్‌యార్డుగా మార్చి, మూడింట రెండు వంతుల వాటా తీసుకున్నది. 1961లో పూర్తిగా స్వాధీనం చేసుకున్నది. తీర వర్తకంలోనూ మరొక పోటీదారు తలెత్తాడు. అతడు పరదేశి కాడు, మన రైలుబండి. బొగ్గు వంటి భారీ సరుకు రానురాను ఓడను విడిచి రైలెక్కింది. విదేశీ ఓడలను ఆపిన శాసనం దానిని ఆపజాలదు.

వాల్‌చంద్ 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశారు. చెరకు తోటల నడుమ వెలసిన వాల్‌చంద్‌నగర్, 1940లో మైసూరు సంస్థానంతో కలిసి బెంగుళూరులో ప్రారంభించిన విమాన కర్మాగారం, ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఆయన ఇతర కృషికి గుర్తులు. సింధియా కంపెనీ ఆయన తరువాత కొన్ని దశాబ్దాలు వెలిగి, 1980ల తరువాత అప్పుల భారంతో క్షీణించింది. తీర వర్తకపు వాదం మాత్రం ముగియలేదు. 2018లో ఎగుమతి దిగుమతి కంటైనర్లను మన రేవుల మధ్య చేరవేయడానికి విదేశీ నౌకలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చినప్పుడు, చౌక రవాణా కోరే వర్తకులూ, స్వదేశీ ఓడల యజమానులూ 1928 నాటి వాదాలనే మరల వినిపించారు. 2025లో పార్లమెంటు తీర నౌకా రవాణాకు ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం విదేశీ నౌక ఇక్కడి తీర వర్తకంలో పాల్గొనాలంటే అనుమతిపత్రం పొందవలసిందే.