ఫ్లారెన్సు నైటింగేలు వ్రాతపని

దీపము చేతబూని రాత్రివేళ క్షతగాత్రుల పడకల నడుమ సంచరించిన కరుణామయిగా ఫ్లారెన్సు నైటింగేలును మనమందరము నెరుగుదుము. ఆమె యుద్ధ వైద్యశాలలలో గడపిన కాలము రెండేండ్లకు తక్కువ. తరువాత కలము పట్టి పనిచేసిన కాలము నలువది యేండ్లకు ఎక్కువ. ఆ కలమువలన గలిగిన మేలు మన విద్యార్థులలో ననేకులకు తెలియదు గనుక దానిని గూర్చి యిచ్చట వ్రాయుచున్నాను.

ఈమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ నగరము పేరే యామెకు పెట్టబడెను. తలిదండ్రులు ఇంగ్లండు దేశపు సంపన్నులు. తండ్రి తానే గురువై గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను నేర్పెను. గణితమనిన నామెకు మిక్కిలి ప్రీతి. పదునారేండ్ల ప్రాయమున, 1837 ఫిబ్రవరి 7వ తేదీన, దేవుడు తన్ను సేవకు బిలిచెనని యామె వ్రాసికొనెను. ఆ కాలమున నర్సుపని గొప్పయింటి స్త్రీలకు తగదని యెంచబడుచుండుటచే ఇంటివారు చాలకాలము అడ్డుపడిరి. అయినను ఆమె పట్టు విడువక, 1851లో జర్మనీ యందలి కైజర్స్‌వెర్తున ఫ్లీడ్నరు పాదిరిగారి పరిచారికా సంఘములో మూడు నెలలు శిక్షణ పొందెను.

1854లో క్రిమియా యుద్ధము నడుచుచుండగా, యుద్ధమంత్రియగు సిడ్నీ హెర్బర్టు కోరికపై 38 మంది నర్సులతో బయలుదేరి నవంబరు 4వ తేదీన స్కుటారి వైద్యశాలను జేరెను. అచ్చట మంచములు లేవు, శుభ్రమైన వస్త్రములు లేవు, వంటకు సరియైన యేర్పాటు లేదు. ఆమె రేయింబవళ్లు శ్రమించి యివన్నియు సమకూర్చెను. అయినను ఆ శీతకాలమున సైనికులు వేలకొలది మరణించిరి. 1855 మార్చిలో దొరతనమువారు పంపిన ఆరోగ్యాధికారులు వచ్చి, కట్టడము క్రిందనున్న మురుగు కాలువలను కడిగించి, గదులకు గాలి వచ్చునట్లు చేసిరి. అటుపిమ్మట మరణములు త్వరితముగా తగ్గెను.

1856లో స్వదేశమునకు మరలివచ్చి, విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞుని సాయముతో ఆమె మృతుల లెక్కలను పరిశీలించెను. రోగములచే మరణించినవారు సుమారు 16,000 మంది. యుద్ధభూమిలో పడినవారును గాయములచే చనిపోయినవారును కలిసి అందులో మూడవవంతైనను లేరు. తాను సేవజేసిన వైద్యశాలలోనే మురుగును చెడుగాలియు నింతమందిని బలిగొనెనని తెలిసినప్పుడు ఆమె హృదయమెంత క్షోభించెనో యూహింపవచ్చును. ఆ సంగతిని మరుగుపరచుట సులభము. లోకమంతయు నామెను కీర్తించుచుండెను. ఆమె దానిని దాచలేదు.

ఆమె 1858లో ముద్రింపించిన నివేదిక 800 పుటలకు మించినది. అంకెల పట్టికలను చదువు నోపిక మంత్రులకు లేదని యెరిగి, అదే సత్యమును ఒక్క చూపున దెలియునట్లు రంగుల పటముగా గీయించెను. వృత్తమును పండ్రెండు నెలలకు పండ్రెండు భాగములు చేసి, నివారింపదగిన రోగములచే గలిగిన మరణములకు నీలిరంగును, గాయములకు ఎరుపును, తక్కిన కారణములకు నలుపును వేయించెను. నీలిరంగు ఎంత విస్తరించియున్నదో అక్షరము రానివాడును గ్రహింపగలడు. యుద్ధము లేని కాలమునను ఇంగ్లండులో సామాన్య ప్రజలు వేయింటికి 11 మంది చనిపోవుచుండగా, సైనికులు 17 మొదలు 20 మంది వరకు చనిపోవుచుండిరి. దీనిని తెలుపుటకు ఆమె పెద్ద మాటల నాశ్రయింపలేదు. ఏటేట 1,100 మందిని సాలిస్‌బరీ మైదానమునకు గొనిపోయి కాల్చి చంపుటయు నిదియు సమానమైన నేరమే యని వ్రాసెను. తరువాత సైనిక నివాసములకు గాలియు మంచినీరును మురుగు కాలువలును ఏర్పడెను; 1860లో సైనిక వైద్య పాఠశాల స్థాపింపబడెను.

ఆ కాలముననే నర్సింగును గూర్చి యామె రచించిన పుస్తకము ఇంటింట చదువబడెను. శ్రమజీవుల కొరకు 1861లో చౌకప్రతియు వెలువడెను. రోగి రాత్రి బాగుగా నిద్రించెనా యని యడిగిన, బాగుగా ననుమాటకు ఒక్కొక్కరొక్కొక్క యర్థము చెప్పుకొందురు. ఎన్ని గంటలు నిద్రించెను, ఏయే వేళల నిద్రించెనని యడుగవలెనని అందు బోధించెను. మాట స్పష్టముగా లేనిచో మందును తప్పును. ఒక్కొకప్పుడు ప్రాణమే పోవును.

మన దేశమునకు ఆమె యెన్నడును రాలేదు. అయినను ఇచ్చటి సైన్యములో ఏటేట వేయింటికి 69 మంది యూరోపియను సైనికులు మరణించుచుండిరని 1863 నాటి విచారణ సంఘము తేల్చినప్పుడు, దాదాపు 2,000 పుటల యా నివేదికలోని సారమును చిత్రములతో గూడిన చిన్న పుస్తకముగా ప్రచురించెను. పిమ్మట గ్రామముల పారిశుద్ధ్యమును గూర్చియు, క్షామములను గూర్చియు వ్రాసెను. మన గోదావరి ఆనకట్టను నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ గారి నీటిపారుదల వాదమును బలపరచెను.

బాలబాలికలారా! మీలో కొందరు నర్సులు, వైద్యులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు కాగలరు. మీరు వ్రాయు చీటిపై ఒక రోగి ప్రాణమో, ఒక పేదవాని పొలమో యాధారపడియుండును. కఠినపదములచే పాండిత్యము చూపవలెనను కోరిక కలిగినప్పుడు, ఆ కాగితమును చదువవలసినవా డెవడో తలచుకొనుడు.

1910 ఆగస్టు 13వ తేదీన నైటింగేలు పరమపదించెను. వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేయుదుమనిరి గాని బంధువు లంగీకరింపలేదు. ఈస్టు వెలో గ్రామమందలి సమాధిపై ఆమె పేరులోని రెండు పొడి యక్షరములును, పుట్టిన తేదీయు, గతించిన తేదీయు మాత్రమే చెక్కబడియున్నవి.