హెన్రీ ప్లమర్

హెన్రీ స్టాన్లీ ప్లమర్ (1874 మార్చి 3 - 1936 డిసెంబరు 31) అమెరికాకు చెందిన ప్రసిద్ధ వైద్యుడు. మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో మేయో క్లినిక్‌ను తీర్చిదిద్దిన వారిలో ఒకడు. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే రోగులకు శస్త్రచికిత్సకు ముందు అయోడిన్ ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టి, ఎందరో రోగుల ప్రాణాలు నిలిపాడు.

జననం, విద్య

ప్లమర్ మిన్నెసోటాలోని హామిల్టన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి ఆల్బర్ట్ ప్లమర్ గ్రామీణ వైద్యుడు. 1898లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, తండ్రితో కలసి కొంతకాలం వైద్యం చేశాడు. రక్తపరీక్షలలో ఈయనకు గల ప్రావీణ్యం విలియం మేయోను ఆకట్టుకొన్నది. 1901లో ప్లమర్ మేయో సోదరుల వైద్యబృందంలో చేరాడు. 1904లో వారి మేనకోడలు డైసీ బర్క్‌మన్‌ను వివాహమాడాడు.

థైరాయిడ్ వ్యాధులపై కృషి

థైరాయిడ్ హార్మోన్లు మితిమీరినపుడు గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఆ కాలంలో గ్రంథిలో అధికభాగాన్ని కోసి తొలగించడమే దీనికి ప్రధాన చికిత్స. కానీ వ్యాధి తీవ్రంగా ఉన్నపుడు శస్త్రచికిత్స చేస్తే, ఆ తరువాత విపరీతమైన జ్వరం వచ్చి, గుండె అదుపు తప్పి రోగి మరణించే ప్రమాదం ఉండేది. ఈ స్థితిని థైరాయిడ్ స్టార్మ్ అంటారు. అందుచేత తీవ్రంగా జబ్బుపడిన వారికి మొదట గ్రంథికి రక్తాన్ని అందించే ధమనులను ముడివేసి, కొంత కోలుకొన్నాక గ్రంథిని తొలగించేవారు.

కనుగుడ్లు ముందుకు పొడుచుకొని వచ్చే గ్రేవ్స్ వ్యాధి, గ్రంథిలోని గడ్డల వలన హార్మోను పెరిగే వ్యాధి వేరువేరని 1913లో ప్లమర్ వివరించాడు. రెండవదానికి తరువాత ప్లమర్ వ్యాధి అనే పేరు వచ్చింది.

అయోడిన్ చికిత్స

అయోడిన్ వలన వ్యాధి ముదురుతుందని నాటి వైద్యులలో చాలామంది భయపడేవారు. గ్రేవ్స్ వ్యాధిలో గ్రంథి అయోడిన్ చాలని అసంపూర్ణ హార్మోనును విడుదల చేస్తుందని ప్లమర్ ఊహించాడు. 1922లో రోగులకు లుగోల్ ద్రావణం ఇవ్వడం ప్రారంభించాడు. ఇది అయోడిన్, పొటాషియం అయొడైడ్ కలిపిన నీటి ద్రావణం. కొద్ది రోజులలోనే రోగులు తేరుకొన్నారు. శస్త్రచికిత్స తరువాతి మరణాలు బాగా తగ్గాయి. ధమనులను ముందుగా ముడివేయవలసిన అవసరం చాలావరకు తీరిపోయింది. 1923లో వాల్టర్ బూత్‌బీతో కలసి ఈ ఫలితాలను వెల్లడించాడు.

ప్లమర్ సిద్ధాంతం తరువాత నిలువలేదు, చికిత్స మాత్రం నిలిచింది. అధిక మోతాదులోని అయోడిన్ గ్రంథి నుండి హార్మోను విడుదలను త్వరగా అణచివేస్తుంది. అయితే ఈ ప్రభావం కొద్ది వారాలలో సన్నగిల్లుతుంది. గడ్డల వలన వచ్చే ప్లమర్ వ్యాధిలో అయోడిన్ హార్మోను ఉత్పత్తిని ఇంకా పెంచవచ్చు.

తరువాతి పరిణామాలు

1943లో ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ థయోయురాసిల్ వంటి మందుల ఉపయోగాన్ని ప్రకటించాడు. ఇవి కొత్త హార్మోను తయారీని ఆపుతాయి. కానీ గ్రంథిలో అప్పటికే నిలువ ఉన్న హార్మోను తరిగిపోవడానికి వారాలు పడుతుంది. అందువలన హార్మోనును త్వరగా తగ్గించవలసి వచ్చినపుడు మందులను కలిపి వాడతారు. ముందుగా తయారీని ఆపే మందు, కనీసం గంట తరువాత విడుదలను ఆపే అయోడిన్ ఇస్తారు. ఈ వరుస తప్పితే, ఇచ్చిన అయోడిన్ కొత్త హార్మోను తయారీకే ఉపయోగపడవచ్చు. గుండె వేగాన్ని తగ్గించడానికి ప్రొప్రనలాల్, అవసరమైతే స్టెరాయిడ్లు, పేగులలో హార్మోనును పట్టివుంచే కొలెస్టిరమీన్ కూడా చేరుస్తారు.

ఇతర కృషి

1907లో ప్రతి రోగికి ఒక సంఖ్య కేటాయించి, ఆ రోగి వివరాలన్నిటినీ ఒకే చోట భద్రపరచే విధానాన్ని ప్లమర్ మేయో క్లినిక్‌లో ప్రవేశపెట్టాడు. అంతకుముందు ఏ వైద్యుని పుస్తకం ఆ వైద్యునిదే. 1928లో ప్రారంభమైన క్లినిక్ భవన రూపకల్పనలో ప్రధానపాత్ర వహించాడు. ఆ భవనానికి ఈయన పేరే పెట్టారు. రక్తహీనతతో పాటు మ్రింగుట కష్టమయ్యే ప్లమర్-విన్సన్ సిండ్రోమ్ పేరులోనూ ఈయన గుర్తుండిపోయాడు.

మరణం

మెదడు రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం వలన 1936 డిసెంబరు 31న రోచెస్టర్‌లో మరణించాడు.