వీయూ2ఆర్‌జీ ఎవరో తెలుసా? మాజీ ప్రధాని రాజీవ్ గాంధీనే!

ప్రధాని కాకముందే రాజీవ్ గాంధీకి ఇంకో పేరుంది. అదే వీయూ2ఆర్‌జీ, ఆయన హామ్ రేడియో కాల్‌సైన్. రేడియోలో హోదా చెప్పరు, కాల్‌సైనే చెప్తారు.

1944 ఆగస్టు 20న ముంబైలో పుట్టిన రాజీవ్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్. రాజకీయాలకు దూరం, రేడియో అంటే సరదా. భార్య సోనియా కూడా లైసెన్స్ తీసుకున్నారు.

1980లో తమ్ముడు సంజయ్ విమాన ప్రమాదంలో చనిపోవడంతో అంతా మారిపోయింది. తల్లి ఇందిర అప్పుడు మెదక్ ఎంపీ. మన జహీరాబాద్ అప్పట్లో ఆ జిల్లాలోదే. 1984 అక్టోబర్ 31న ఆమె హత్యతో రాజీవ్ 40 ఏళ్లకే ప్రధాని అయ్యారు. 1991 మే 21న శ్రీపెరంబుదూర్‌లో బాంబు దాడికి బలయ్యారు.

ఆయన సరదా మాత్రం ఇప్పుడు జహీరాబాద్ పిల్లలకూ అందుబాటులో ఉంది. 12 ఏళ్లు నిండితే చాలు, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్ష రాయొచ్చు. మోర్స్ కోడ్ రాకపోయినా పర్లేదు. పాసైతే కేంద్రం లైసెన్స్ ఇస్తుంది. హామ్‌లకు సాయంగా హైదరాబాద్‌లో 1983 నుంచే జాతీయ సంస్థ ఉంది.

సరదానే కదా అనుకోవద్దు. 2004 సునామీకి అండమాన్‌లో ఫోన్లు మూగబోతే, కబుర్లు మోసింది హామ్ రేడియోనే!