పాఠం చెప్పే ముందు తాను నేర్చుకున్న పంతులు గారు

ఈసారి గోడ పత్రికలో ఒక మహనీయుని జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నేను గిడుగు వెంకట రామమూర్తి గారిని ఎంచుకున్నాను. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసేది ఆయన పేరు మీదనే. వాడుక భాష కోసం కొట్లాడిన మనిషి అని మనకు తెలుసు. కానీ నాకు ఆయన నచ్చింది వేరే సంగతికి.

ఆయన 1863లో శ్రీకాకుళం దిక్కు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి చనిపోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకున్నారు. మెట్రిక్ కాగానే 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పే పంతులుగా చేరారు.

పుస్తకంలో ఉన్నది చదివి చెప్పి ఊరుకుంటే ఆయన్ని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ ఆయన శ్రీముఖలింగం గుడికి పోయి, అక్కడి శాసనాల పాత లిపిని తనంతట తానే నేర్చుకుని చదివారు. మన నంగునూరు మండలంలోనే నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖ వాళ్ళు వేల ఏండ్ల కిందటి సమాధులు తవ్వారు కదా. పాఠం చెప్పే ముందు ఆ రాళ్ళ దగ్గరికి పోయి చూసి వచ్చినట్టు అన్నమాట.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ళ పిల్లలకు చదువు లేదు. వాళ్ళ భాషకు అప్పటికి లిపి లేదు. పిల్లలు తెలుగు నేర్చుకుని బడికి రావాలని ఆయన అనలేదు. ముందు తానే సవర నేర్చుకోవాలనుకున్నారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా తండాలో ఇంట్లో లంబాడీ మాటనే. ఒకటో తరగతిలో సారు గ్లాసులో నీళ్ళు చూపించి ఇదేమిటని అడిగితే నేను పాణి అన్నాను. క్లాసంతా నవ్వింది. సారు తప్పు అన్నారు. తరువాత చాలా రోజులు నేను నోరు తెరవలేదు. నాకు తెలిసిన జవాబే, కానీ తప్పయిపోయింది.

రామమూర్తి గారు మొదట సవర వాళ్ళను తెచ్చి ఇంట్లోనే పెట్టుకున్నారు. వాళ్ళకు తెలుగు రాదు, ఈయనకు సవర రాదు. పని ముందుకు సాగలేదు. అప్పుడు రెండు భాషలూ వచ్చిన మనిషిని వెతికి పట్టుకుని, అతని దగ్గర మాట మాట రాసుకుంటూ ఏండ్ల తరబడి నేర్చుకున్నారు. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. క్వినైన్ ఎక్కువ మింగి చెవుడు వచ్చింది, అది ఇక పోలేదు. చెవితో విని భాష నేర్చుకునే మనిషికి చెవులే పోవడం! నేనైతే అక్కడితో మానుకునేవాణ్ని. ఆయన మానలేదు. సవరలో వాచకాలు రాశారు, పాటలు, కథలు సేకరించారు. సొంత డబ్బుతో బళ్ళు పెట్టించి, పంతుళ్ళకు జీతాలు కూడా తానే ఇచ్చారు. 1931లో సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది.

వాడుక తెలుగు పోరాటం తరువాతి మాట. 1907 ప్రాంతంలో యేట్స్ అనే బడుల ఇన్‌స్పెక్టరు, మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల తెలుగు ఇంకొకటీ ఎందుకని అడగడంతో అది మొదలైంది. పిల్లల మాటతోనే చదువు మొదలుపెట్టాలని ఆయనకు సవర బళ్ళ వల్ల ముందే తెలుసు. పర్లాకిమిడి 1936లో ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న చనిపోయారు.

ఈ ఏడాది స్టడీ అవర్‌లో అయిదో తరగతి పిల్లలకు భాగహారం చెప్పే పని వార్డెన్ సారు నాకు ఇచ్చారు. అందులో ఒక ఎరుకల పిల్లవాడు ఉన్నాడు. ఏమడిగినా తల వంచుకుంటాడు. వాడి ఇంటి మాట నాకు రాదు. నిన్న రాత్రి అన్నం తిన్నాక, ఆ మాట వచ్చిన తొమ్మిదో తరగతి అతన్ని పట్టుకుని పది మాటలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెండు మాటలు నా నోట సరిగా పలకలేదని అతను నవ్వాడు. మళ్ళీ అడిగి దిద్దుకున్నాను. రేపు సాయంత్రం వాడి పక్కన కూర్చుని చెప్పి చూడాలి.