నిలువనీడ లేని బాలిక నిలిపిన ఇల్లు

పండిత రమాబాయిగారు 1858లో జన్మించిరి. తండ్రి అనంతశాస్త్రిగారు కుటుంబముతో తీర్థములు తిరుగుచు పురాణములు చెప్పి జీవించెడివారు. 1874లో తండ్రి, కొద్దికాలమునకే తల్లి కరువువాత పడిరి. నిలువనీడలేని రమాబాయి అన్న శ్రీనివాసునితో కాలినడకన దేశము తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు ఆమెను ఆదరించిరి. 1882లో భర్తను కోల్పోయి, 1883లో ఇంగ్లాండులో బాప్తిస్మము పొందిరి.

1887లో బోస్టనులో ఏర్పడిన రమాబాయి సంఘము పదేండ్లు సహాయము చేయ పూనుకొనగా, 1889లో బొంబాయిలో వితంతువులకు శారదా సదనము తెరచిరి. 1896 కరువులో దిక్కులేని బాలికలను తామే వెదకి తెచ్చి, పూణె దాపున కేడ్గాంలో చేర్చుకొనిరి. 1900 నాటికి ఆ ముక్తి సదనములో అనేకమంది ఉండిరి. వారికి చదువు, నేత, ముద్రణ నేర్పి స్వశక్తిపై నిలిపిరి. 1922లో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, పిడికెడు బియ్యముతో మన బాధ్యత తీరదు. గూడులేనివారికి తలుపు తెరచి, చేతికి పని నేర్పవలెను.